అత్తగారి అద్దం

బఠాణీ తలుపు తోసీ తోయకముందే అద్దాలు తిరగడం మొదలుపెట్టాయి.

ముందు దగ్గరి గది అద్దం తిరిగింది. తర్వాత దాని పక్కది. ఆ తర్వాత ఆ పక్కది. పొడుగాటి కారిడార్‌లో మనిషన్నవాడు లేడు. గాలి కూడా ఆడటం లేదు. అయినా అరచేతంత గుండ్రటి అద్దాలు ఒకదాని వెనుక ఒకటి కిర్రుమంటూ తన వైపే మళ్ళాయి. ప్రతి అద్దంలోనూ ఒక కన్ను ఉంది.

బఠాణీ స్కూలు బ్యాగును కడుపుకి హత్తుకుంది.

“నాన్నా!”

అవతలి చివర నుంచి వస్తున్న కత్తి చప్పుడు ఆగింది. “వచ్చెయ్ అమ్మా! చేతులు ఖాళీ లేవు!” అని నాన్న కేకేశాడు. కత్తి మళ్ళీ టకటకమంది.

వచ్చెయ్ అనడం తేలికే. నడవాల్సిన కాళ్ళు బఠాణీవి కదా!

మీరు కంగారు పడకండి. అది దెయ్యాల కొంప కాదు. ముసలి కోతులుండే ఇల్లు. ఒకప్పుడు అవన్నీ ఒక ప్రయోగశాలలో ఇరుకు బోనుల్లో ఉండేవి. వాటి మీద మందులు పరీక్షించేవారు. ఆ పని అయిపోయాక వాటిని ఇక్కడికి తెచ్చారు. మన తాతయ్యలు రిటైరైనట్టే అవీ రిటైరయ్యాయన్నమాట. ఇక్కడ ఒక్కో గదిలో ఎత్తుగా చెక్క పలకలున్నాయి, ఎందుకంటే కోతికి ఎత్తులో కూర్చుంటే ధైర్యం. పాత ఫైరింజన్ పైపులతో అల్లిన ఊయలలున్నాయి. నేల మీద గడ్డి పరిచి అందులో వేరుసెనగలు దాస్తారు. వాటిని వెతుక్కుంటూ పొద్దు పుచ్చుతాయి. వెనకవైపు ఎండ తగిలే ఆవరణ ఉంది. ముందువైపు మాత్రం ఇనుప జాలీ, దాని బయట చిన్న గొలుసుతో వేలాడే స్టీలు అద్దం. కోతులు జాలీలోంచి వేలు బయటపెట్టి ఆ అద్దాన్ని కావలసినవైపు తిప్పుకుంటాయి.

ఆ కోతుల ఆలనాపాలనా చూసేది బఠాణీ వాళ్ళ నాన్న. అమ్మ బట్టల దుకాణం నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. అందుకని స్కూలు వదలగానే బఠాణీ ఇక్కడికే వస్తుంది. కారిడార్ చివర కోతుల వంటగది ఉంది. అక్కడే ఒక మూల బఠాణీ బల్ల. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని నాన్న పెట్టిన ముద్దుపేరు బఠాణీ. ఇప్పుడు ఐదో తరగతి, అయినా ఆ పేరు వదల్లేదు.

బఠాణీ తల దించుకుని, నేల మీద పసుపు గీతకి ఇవతల గోడని రాసుకుంటూ నడిచింది. ఆ గీత దాటితే కోతుల చేయి అందుతుంది. గీత దాటకూడదని నాన్న మొదటి రోజే చెప్పాడు. వాటి కళ్ళలోకి తేరిపార చూడకూడదని, చూస్తే ‘రా, తేల్చుకుందాం’ అన్నట్టు అనుకుంటాయని కూడా చెప్పాడు. పళ్ళు బయటపెట్టి నవ్వినా వాటికి అది నవ్వు కాదట, భయమట. “మరి ఎలా పలకరించాలి?” అని బఠాణీ అడిగితే, నాన్న పెదవులు ముద్దలా చేసి చప్‌చప్‌మని చప్పరించి చూపించాడు. ‘నీకూ నాకూ గొడవ లేదు’ అని దాని అర్థమట. అద్దం ముందు అలా చప్పరించుకుని బఠాణీ ఆ రోజంతా నవ్వింది.

ఇప్పుడు మాత్రం నవ్వు రావడం లేదు. ఎందుకంటే ఆఖరి గది వచ్చేసింది.

అందులో ఉండేది అత్తగారు. పేరు పెట్టింది నాన్నే. ఎవరొచ్చారు, ఏం తెచ్చారు, ఎంతసేపుంటారు అన్నీ ఆవిడకి తెలియాలి మరి! ముడతలు పడ్డ ఎర్రటి ముఖం, చివర తెగిన చెవి. ఛాతీ మీద ప్రయోగశాలవాళ్ళు వేసిన పచ్చబొట్టు అంకెలు. తోటి కోతి పోయిన ఏడాది చనిపోవడంతో ఒక్కతే ఉంటోంది. మిగతా కోతుల అద్దాలు కాసేపు తిరిగి ఊరుకుంటాయి. అత్తగారి అద్దం ఊరుకోదు. బఠాణీ నడుస్తుంటే నడుస్తుంది, ఆగితే ఆగుతుంది.

వంటగదిలోకి వెళ్ళినా వదల్లేదు. ఆ తలుపు మూయడానికి వీల్లేదు, నాన్న ట్రేలు పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంటాడు. బఠాణీ గుమ్మానికి వీపు పెట్టి లెక్కలు చేయడం మొదలుపెట్టింది. మెడ మీద ఏదో పాకినట్టైంది. వెనక్కి చూసింది. గుమ్మం అవతల గుండ్రటి అద్దంలో గోధుమరంగు కన్ను. మళ్ళీ రెండు లెక్కలు చేసి చూసింది. కన్ను అక్కడే ఉంది. రెప్ప కూడా వేయలేదు.

“నాన్నా, అది నన్నే చూస్తోంది!”

“చూడనీ. అత్తగారన్నాక చూడకుండా ఉంటుందా?” చిలగడదుంప ముక్కలు ట్రేలో సర్దుతూ నాన్న నవ్వాడు. “దానికదో కాలక్షేపం.”

“నాకు భయం వేస్తోంది.”

“జాలీ అవతల ఉన్నదానికి నువ్వు భయపడటమేంటే పిచ్చిదానా! అదే నిన్ను చూసి భయపడాలి, ఆ జుట్టు చూడు ఎలా రేగిపోయిందో!”

నాన్నకి నవ్వులాటగానే ఉంది. బఠాణీకి ఏడుపు ముంచుకొచ్చింది. పెద్దవాళ్ళు ఒక్కోసారి ఇంతే, మన భయం వాళ్ళకి ఆటలా కనిపిస్తుంది.

* * *

మర్నాడు బఠాణీ వచ్చేసరికి నాన్న వెనకవైపు చెత్త పారబోయడానికి వెళ్ళాడు. మధ్యాహ్నం ఎండకి కోతులన్నీ బయట ఆవరణలో ఒకదాని తల ఒకటి చూసుకుంటూ కూర్చున్నాయి. కారిడార్‌లో ఒక్క అద్దం కూడా కదల్లేదు.

ఆఖరి గది ముందు బఠాణీ ఆగింది. లోపల ఎవరూ లేరు. ఊయల ఖాళీగా ఉంది. గొలుసు కొక్కేనికి వేలాడుతున్న అద్దంలో ఎదుటి తెల్లగోడ తప్ప ఏమీ కనిపించడం లేదు.

ఒక్క రోజు. ఒక్క రోజు ఈ అద్దం లేకపోతే ప్రశాంతంగా లెక్కలు చేసుకోవచ్చు. రేపు వచ్చి తగిలించేస్తే సరిపోతుంది.

అటూ ఇటూ చూసింది. పసుపు గీత దాటింది. కొక్కెం ఊడదీసి, గొలుసుతో సహా అద్దాన్ని బ్యాగులో వేసేసింది. చటుక్కున గీత ఇవతలికి గెంతింది.

ఆ రోజు లెక్కలు చకచకా అయిపోయాయి. మెడ మీద ఏమీ పాకలేదు. ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళు ఎందుకు ఆగానా అని బఠాణీ తనని తానే మెచ్చుకుంది.

పుస్తకం మూస్తుండగా బయట చప్పుడైంది. గోటితో ఇనుమును గీరుతున్నట్టు చాలా చిన్న చప్పుడు.

బఠాణీ గుమ్మంలోంచి తొంగి చూసింది.

అత్తగారి గది జాలీలోంచి ఒక వేలు బయటికి వచ్చి ఉంది. నల్లటి గోరు, ముడతల వేలు. అద్దం ఉండాల్సిన చోట ఆ వేలు గాలిని తడుముతోంది. మెల్లగా కుడివైపు తిప్పింది. ఆగింది. మళ్ళీ ఎడమవైపు తిప్పింది. అక్కడేమీ లేదు. లేని అద్దాన్ని వేలు తిప్పుతూనే ఉంది.

ఇప్పుడే వెళ్ళి తగిలించేద్దామా? తగిలించాలంటే ఆ వేలి పక్కకి చేయి పెట్టాలి.

ఇంతలో నాన్న వచ్చాడు. వస్తూనే అద్దం లేకపోవడం చూశాడు.

“అరే, ఇదెక్కడికి పోయింది? పొద్దున్న నీళ్ళు కొడుతున్నప్పుడు గొలుసు తెగి కాలవలో పడిందా?” అంటూ వంగి నీటి కాలవంతా చేయి పెట్టి వెతికాడు. మోచేతుల దాకా బురద అయింది. బఠాణీ బ్యాగును బల్ల కిందికి నెట్టి కూర్చుంది. తను ఇక్కడికి రావడానికి కోతులకి వైద్యం చేసే డాక్టరుగారు మొదట ఒప్పుకోలేదు. “మా పిల్ల గీత దాటదు మేడమ్. దానికి నాదీ పూచీ” అని నాన్న మాటిచ్చాడు. ఆ మాట మీదే తను ఇక్కడ కూర్చుంటోంది. ఇప్పుడు నోరు విప్పితే నాన్న మాట ఏమైపోవాలి?

“పోతే పోయిందిలే, కొత్తది తెప్పిస్తాను. ఈలోగా ఆడుకోవడానికి దానికి బంతి ఉందిగా” అన్నాడు నాన్న చేతులు కడుక్కుంటూ.

* * *

ఆ మర్నాడు కారిడార్‌లో అడుగు పెట్టగానే బఠాణీకి ఏదో తేడాగా అనిపించింది. అద్దాలు తిరిగాయి. కానీ ఆఖరి గది నుంచి ఒక పిలుపు వస్తోంది.

“కూ...”

సన్నగా, పొడుగ్గా ఉంది. ఎవరినో పిలుస్తున్నట్టుంది. బఠాణీ ఒక అడుగు వేసింది. ఆ పిలుపు ఆగిపోయింది. బఠాణీ ఆగింది. “కూ...” మళ్ళీ మొదలైంది. అడుగు వేస్తే నిశ్శబ్దం, ఆగితే పిలుపు. ఆ కొసన ఉన్నది తన అడుగుల్ని వింటోంది!

పరుగెత్తినట్టే నడిచి ఆఖరి గది ముందుకి వచ్చేసరికి, అత్తగారు అన్నింటికన్నా పై పలక మీద, గోడ మూలకి అతుక్కుని కూర్చుని ఉంది. ట్రేలో పొద్దున పెట్టిన ముక్కలు అలాగే ఎండిపోయాయి. ఎడమచేతి మీద వెంట్రుకల్ని ఒక్కొక్కటే పీక్కుంటోంది. అక్కడ చర్మం ఎర్రగా, నున్నగా కనబడుతోంది.

వంటగదిలో డాక్టరుగారు ఉన్నారు. పొట్టిగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండే మనిషి. బఠాణీ కనిపిస్తే ఏదో ఒక పరాచికం ఆడకుండా ఉండదు. ఆ రోజు ఆడలేదు.

“ఎప్పటినుంచి తినడం లేదు?” అని నాన్నని అడిగింది.

“నిన్న సాయంత్రం నుంచి మేడమ్. అద్దం పోయినప్పటినుంచీ ఇలాగే ఉంది.”

“అద్దం కోసం బెంగ కావచ్చు. కాకపోవచ్చు. పన్ను పుచ్చినా తినదు, కిడ్నీలు చెడినా తినదు. ఊహ పట్టుకుని కూర్చోలేం కదా!” డాక్టరుగారు నుదురు రుద్దుకుంది. “రేపు సాయంత్రం దాకా చూద్దాం. అప్పటికీ తినకపోతే ఎల్లుండి పొద్దున్నే మత్తు ఇచ్చి పరీక్ష చేస్తాను.”

“ఈ వయసులో మత్తంటే...”

“తెలుసు. లేస్తుందని మాటివ్వలేను. అలాగని వదిలెయ్యనూ లేను.”

“మరి పక్కగది కొత్తదానితో కలపడం?”

“దాని సంగతి తర్వాత. ఇలా వణికిపోతున్నదాన్ని ఇంకోదానితో ఎలా కలుపుతాం?”

అత్తగారికి తోడుగా ఉండాలని ఒక కోతిని తెచ్చి పక్కగదిలో ఉంచారు. రెండు గదుల మధ్య జారుడు తలుపు ఒకటి ఉంది. వచ్చేవారం దాన్ని తెరవాలనుకున్నారు. అదీ ఆగిపోయింది.

బఠాణీ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అద్దం అంచు మోకాలికి గుచ్చుకుంటోంది. చెప్పెయ్, చెప్పెయ్ అని లోపల ఎవరో తొందరపెడుతున్నారు. నాన్న ముఖం చూసింది. బ్యాగు జిప్పు చివరిదాకా లాగేసింది.

* * *

తర్వాతి రోజు మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడింది. బఠాణీ వంటగదికి చేరిందో లేదో వాన విరుచుకుపడింది.

“గడ్డి తడిసిపోతోంది. షెడ్డులోకి లాగేసి వస్తాను, ఇక్కడే ఉండు” అని నాన్న నెత్తిన గోనె వేసుకుని పరుగెత్తాడు.

రేకుల కప్పు మీద వాన హోరుమంటోంది. బఠాణీ తెలుగు పుస్తకం తెరిచింది. అప్పుడే కరెంటు పోయింది.

ఫ్రిజ్ చప్పుడు ఆగింది. ఫ్యాను మెల్లగా ఆగింది. వంటగదికి కిటికీ లేదు. గుమ్మంలోంచి వచ్చే బూడిదరంగు వెలుతురు తప్ప మిగతాదంతా చీకటి. బయట కోతులు కూడా ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి.

పచ్...

కారిడార్ ఆ కొసన ఏదో చప్పుడైంది.

పచ్... పచ్...

తడి అడుగులు. నాలుగు అడుగులు వేసి ఆగుతున్నాయి. మళ్ళీ నాలుగు అడుగులు వేసి ఆగుతున్నాయి. నాన్న అలా నడవడు. నాన్న వెనక తలుపు నుంచి కదా వస్తాడు!

“నాన్నా?” అంది బఠాణీ. గొంతు తనకే వినిపించలేదు.

పచ్... పచ్... అడుగులు దగ్గరికి వస్తున్నాయి.

బఠాణీ కుర్చీ దిగి తలుపు వెనక నక్కింది. తల బయటపెట్టి చూద్దామంటే ధైర్యం చాల్లేదు. చూడకుండా ఉందామంటే అంతకన్నా భయంగా ఉంది. ఎవరు? ఎందుకు ఆగుతున్నారు? చేతిలో ఏముంది? ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి చూడగలిగితే చాలు.

బ్యాగులో చేయి పెట్టింది. అద్దం దొరికింది. దాన్ని గుమ్మం పక్కనుంచి కాస్త బయటపెట్టి, మెల్లగా తిప్పింది. ముందు నేల కనిపించింది. ఇంకాస్త తిప్పింది. తెల్లగోడ. ఇంకాస్త. కారిడార్.

అక్కడ ఒక నల్లటి ఆకారం నిలబడి ఉంది. దానికి ముఖం లేదు.

అద్దం చేతిలో ఊగిపోయింది. ఊగిన అద్దంలో ఇంకొకటి కనిపించింది. ఆఖరి గది జాలీలోంచి ముడతల వేలు ఒకటి బయటికి వచ్చి ఉంది. అది కూడా వణుకుతోంది. గాలిని కుడివైపు తిప్పుతోంది. ఎడమవైపు తిప్పుతోంది. వెతుకుతోంది.

బఠాణీ చేతిలో అద్దం ఉంది. ఆ వేలికి లేదు. అంతే తేడా.

ఆకారం చేయెత్తి తల మీది టోపీ వెనక్కి తోసింది. టార్చి వెలిగింది. రెయిన్‌కోటు వేసుకున్న డాక్టరుగారు! కరెంటు పోయింది కదా, ఒక్కో గది దగ్గరా ఆగి కోతులు బాగున్నాయో లేదో చూసుకుంటూ వస్తోంది. అంతే.

బఠాణీ భయం ఎగిరిపోయింది. ఎవరో తెలియగానే, ఆ క్షణంలోనే పోయింది.

కానీ అడుగులు మళ్ళీ కదిలాయి. పచ్... పచ్... ఆఖరి గదిలోంచి దబ్బున చప్పుడైంది. అత్తగారు పై పలక మీదికి దూకి గోడకి గుద్దుకుంది. ఆవిడకి ఎలా తెలుస్తుంది, వస్తున్నది డాక్టరుగారని, చేతిలో ఉన్నది టార్చేనని? ప్రయోగశాలలో అన్నేళ్ళు అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా ఏం వచ్చేదో ఆవిడకి బాగా తెలుసు. అందుకే ఇక్కడికి వచ్చాక అద్దాన్ని ఒక్క నిమిషం వదల్లేదు. అది కాలక్షేపం కాదు. మూడు రోజులుగా ఆవిడ ప్రతి అడుగుకీ ఇలాగే చస్తూ బతుకుతోంది.



“ఏయ్ బఠాణీ, చీకట్లో ఒక్కదానివే ఉన్నావా?” డాక్టరుగారు టార్చి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. బఠాణీ చప్పున అద్దాన్ని వీపు వెనక్కి పెట్టుకుంది. “మీ నాన్నేడీ? ఆ ముసల్ది ఇవాళ కూడా ఏం తినలేదు. రేపు పొద్దున మత్తు ఇవ్వాల్సిందే. దానికి కడుపు ఖాళీగా ఉండాలి, రాత్రికి ట్రే తీసెయ్యమని చెప్పాలి.”

వెనక తలుపు తెరుచుకుంది. నాన్న నీళ్ళు కారుతూ లోపలికి వచ్చాడు. “చెప్పండి మేడమ్” అన్నాడు ముఖం తుడుచుకుంటూ.

ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు. బఠాణీ చేయి ముందుకి తెచ్చింది. టార్చి వెలుతురు అద్దం మీద పడి కప్పు మీద గుండ్రంగా మెరిసింది.

“నాన్నా, అత్తగారికి జబ్బు లేదు. ఎవరొస్తున్నారో తెలియడం లేదు, అంతే.”



“గీత దాటావా?” అన్నాడు నాన్న.

“దాటాను.”

“మొన్న కాలవంతా వెతికానే. చూస్తూ కూర్చున్నావా?”

బఠాణీ తలూపింది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి. నాన్న తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది. డాక్టరుగారి వైపు తిరిగి “నా మాట పోయింది మేడమ్” అన్నాడు మెల్లగా.

“మాట సంగతి రేపు చూసుకుందాం. ముందు అద్దం తగిలించండి” అంది డాక్టరుగారు.

నాన్న కొక్కేనికి గొలుసు తగిలించి వెనక్కి వచ్చాడు. ముగ్గురూ గీతకి ఇవతల నిలబడ్డారు. డాక్టరుగారు టార్చిని పైకప్పు వైపు తిప్పింది. చాలాసేపు ఏమీ జరగలేదు.

తర్వాత చీకట్లోంచి వేలు వచ్చింది. గాలిని తడిమింది. అద్దం తగిలింది. వేలు ఉలిక్కిపడి లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది.

కిర్రు.

అద్దంలో కన్ను తెరుచుకుంది. ముందు డాక్టరుగారిని చూసింది. డాక్టరుగారు రెండు చేతులూ చాపి ఖాళీ అరచేతులు చూపించింది. కిర్రు. నాన్నని చూసింది. కిర్రు. బఠాణీ దగ్గర ఆగింది.

ఈసారి బఠాణీ పారిపోలేదు. తల కొద్దిగా దించి, తన్ను చూడనిచ్చింది. ముక్కు కారుతోంది, పెదవులు వణుకుతున్నాయి. అయినా వాటిని ముద్దలా చేసి చప్‌చప్‌మంది. అద్దం చాలాసేపు అక్కడే ఉంది.

ఆ తర్వాత లోపల గడ్డి గలగలమంది. చిలగడదుంప ముక్కని కొరుకుతున్న చప్పుడు వినిపించింది. నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు.

“రేపు సాయంత్రం దాకా ఆగుతాను” అంది డాక్టరుగారు గొంతు తగ్గించి. “తింటే సూది లేదు. తినకపోతే మాత్రం నన్నెవరూ ఆపలేరు.”

* * *

మర్నాటికి అత్తగారు ట్రే ఖాళీ చేసింది. సూది అవసరం రాలేదు. చేతి మీద వెంట్రుకలు మొలవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

బఠాణీకి కూడా శిక్ష తప్పలేదు. కారిడార్‌లో అడుగుపెట్టవద్దని డాక్టరుగారు చెప్పేసింది. కొన్ని వారాలు ముందుగదిలో వాచ్‌మన్ తాత రేడియో పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంది. తాత నిద్రపోతే గురక, లేస్తే రేడియో. ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో “ఇవాళ అత్తగారు ఏం తింది?” అని నాన్నని అడిగేది. మొదట్లో నాన్న ముక్తసరిగా చెప్పేవాడు. మెల్లమెల్లగా పూర్తిగా చెప్పడం మొదలుపెట్టాడు. జారుడు తలుపు తెరిచిన రోజు మాత్రం ఇల్లు చేరేదాకా అదే కథ. కొత్తకోతి ఎలా వణికిందో, అత్తగారు ఎలా చప్పరించిందో అంతా చేసి చూపించాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

ఒక సాయంత్రం డాక్టరుగారు ముందుగదిలోకి వచ్చి, “బఠాణీ, లోపల నీ బల్ల మీద దుమ్ము పేరుకుపోయింది. వెళ్ళి తుడుచుకో” అంది.

బఠాణీ కారిడార్ తలుపు దగ్గరికి వెళ్ళి ఆగింది. తలుపు తట్టింది. కొద్దిగా తెరిచి, అక్కడే నిలబడింది.

“నేనే, బఠాణీని. స్కూలు నుంచి వచ్చాను. చేతుల్లో ఏమీ లేదు. బ్యాగులో లెక్కల పుస్తకం ఉంది, దానికి నేను భయపడాలి కానీ మీరు కాదు.”

ఖాళీ చేతులు చూపించింది. కిర్రు, కిర్రు, కిర్రు. కారిడార్ పొడుగునా అద్దాలు తిరిగాయి. ఒక్కో అద్దంలో ఒక్కో కన్ను తెరుచుకుంది. బఠాణీ అరికాళ్ళు ఇంకా కాస్త చల్లబడుతూనే ఉన్నాయి. అయినా ఆఖరి అద్దం కూడా తిరిగేదాకా కదల్లేదు. అప్పుడు పసుపు గీతకి ఇవతలగా, మెల్లగా నడిచింది.

ఆఖరి గది అద్దంలో ఇప్పుడు రెండు కళ్ళు ఇరుక్కుని ఉన్నాయి. ఒకటి ముసలిది, ఒకటి కొత్తది. కొత్త కన్ను బెదిరిపోతూ చూస్తోంది. బఠాణీ తల దించి చప్‌చప్‌మంది. ముసలి కన్ను ఒక్కసారి తేరిపార చూసింది. చాలనుకుందేమో, అద్దాన్ని నాన్న ట్రే వైపు తిప్పేసింది. కొత్తది కూడా దానితోపాటే అటు చూసింది.

వంటగదిలో బఠాణీ బల్ల తుడుచుకుంది. గుమ్మానికి వీపు పెట్టి ఉన్న కుర్చీని ఇటు తిప్పి, అద్దానికి తన ముఖం కనిపించేలా వేసుకుంది. పుస్తకం తెరిచి లెక్కలు మొదలుపెట్టింది.

కాసేపటికి బయట కిర్రుమంది.

“నేనే” అంది బఠాణీ, తల ఎత్తకుండానే.